గాలానికి చక్రం ఎందుకొచ్చింది?

మొన్నామధ్య మా నాన్న బ్రిస్బేన్ వచ్చారు. జూలై నెల, అంటే ఇక్కడ చలికాలం. ఒక శనివారం పొద్దున్నే నాతోపాటు చేపలు పట్టడానికి మొగ దగ్గరకి బయల్దేరారు (నది సముద్రంలో కలిసే చోటుని మా కోనసీమలో మొగ అనే అంటాం). నా సరంజామా అంతా చూసి ఒకే ఒక్క ప్రశ్న వేశారు. "ఒరేయ్, చేప బరువెంత? ఈ చక్రం బరువెంత? ఇంతదానికి చక్రమెందుకురా?"

నా దగ్గర జవాబు లేదు. నిజానికి ఆ చక్రం, అదే రీలు, నన్ను అప్పటికే ఏడిపిస్తోంది. షాపువాడు "పెద్ద చేపలకి ఇదే కరెక్టు" అంటే నమ్మి, బోలెడంత పోసి కొన్నాను. ఏడు గ్రాముల దొంగ ఎర కట్టి విసిరితే నాలుగు గజాల అవతల పడేది, దారమంతా రీలులోనే పిచ్చుక గూడులా చిక్కుపడేది. ఆ చిక్కు విడదీస్తూ కూర్చునేసరికి ఆటు అయిపోయేది.

నాన్న వెళ్ళాక ఆ ప్రశ్న పట్టుకుని చదవడం మొదలుపెట్టాను. చదివాక తెలిసిందేంటంటే, తప్పు రీలుది కాదు, నాది. నేను ప్రశ్న తెలుసుకోకుండా జవాబు కొన్నాను.

ముందు నాన్న పద్ధతి చూద్దాం. వెదురు కర్ర, చివర తాడు, బెండు, గాలం, గాలానికి ఎర్ర. చక్రం లేదు. కర్ర పొడవు, తాడు పొడవు కలిపితే ఎంతో, మన అందుబాటు అంతే. కాలవ గట్టు మీద అది చాలు, ఎందుకంటే చేప గట్టు కిందే ఉంటుంది. మొగ దగ్గర సంగతి వేరు. ఆటు సమయంలో నీళ్ళు వెనక్కి లాగేస్తే, ముందు బురద మేట, ఆ తర్వాత లోతు మొదలయ్యే అంచు. చిన్న చేపలు నీళ్ళతోపాటు ఆ అంచు మీదనుంచి జారతాయి, పెద్దవి అక్కడే కాపు కాస్తాయి. ఆ అంచు మనకి ఇరవై, ముప్ఫై మీటర్ల అవతల ఉంటుంది. పడవ లేనివాడు విసరాల్సిందే. విసరాలంటే అంత దారం ఎక్కడో చుట్టి పెట్టుకోవాలి, విసిరినప్పుడు అది అడ్డం లేకుండా బయటికి రావాలి. రీలు చరిత్ర మొత్తం ఈ రెండో ముక్క చుట్టూనే తిరుగుతుంది.

సుమారు 1820 ప్రాంతంలో అమెరికాలో, కెంటకీ రాష్ట్రంలోని పారిస్ అనే ఊళ్ళో, జార్జ్ స్నైడర్ అనే గడియారాలు చేసే ఆయన ఒక రీలు చేశాడు. పిడి ఒక్కసారి తిప్పితే దారం చుట్టిన ఉండ కొన్నిసార్లు తిరిగేలా పళ్ళ చక్రాలు బిగించాడు. దీన్నే మల్టిప్లయర్ అంటారు. ఇవాళ్టి బెయిట్‌కాస్టర్లు దీని మునిమనవలే. నేను కొన్నదీ ఆ వంశమే.

దీంతో వచ్చే చిక్కు మనవాళ్ళకి ఇట్టే అర్థమవుతుంది. ఇది అచ్చంగా ప్రొడ్యూసర్-కన్స్యూమర్ ప్రాబ్లం. ఎర గాల్లో ఎగురుతూ దారం లాగుతుంది, ఉండ తిరుగుతూ దారం వదులుతుంది. కాసేపటికి గాలి తగిలి ఎర వేగం తగ్గుతుంది, కానీ ఉండ ఊపు తగ్గదు. వాడకం కన్నా సరఫరా ఎక్కువైపోతుంది. బఫర్ నిండిపోతుంది. అదే పిచ్చుక గూడు! బరువైన ఎర అయితే ఊపు నిలబెట్టుకుని దారాన్ని లాగుతూనే ఉంటుంది. తేలికైన ఎరకైతే అసలు ఆ ఉండని కదిలించే శక్తే ఉండదు. నా ఏడు గ్రాముల కథ అదన్నమాట.

1884లో స్కాట్లాండులోని పెర్త్‌లో పీటర్ మాలక్ దీనికి ఒక విరుగుడు కనిపెట్టాడు. విసిరేటప్పుడు ఉండని పక్కకి తొంభై డిగ్రీలు తిప్పెయ్యి. అప్పుడు ఉండ తిరగక్కర్లేదు, దారం దాని అంచు మీదనుంచి చుట్లు చుట్లుగా జారిపోతుంది. చేప పడ్డాక మళ్ళీ మామూలుగా తిప్పుకుని చుట్టుకో. భలే ఉంది కదా. కాకపోతే ప్రతి విసురుకీ దారం మెలిపడుతుంది. అయినా ఈ ఆలోచన చచ్చిపోలేదు. ఇంగ్లండు నుంచి వచ్చిన చార్ల్స్ ఆల్వీ 1920లో ఇదే బ్రిస్బేన్‌లో అలాంటి రీళ్ళు చెయ్యడం మొదలుపెట్టాడు. పళ్ళ చక్రాలు లేవు కాబట్టి ఇసుక, ఉప్పునీళ్ళు దాన్ని పెద్దగా ఏమీ చెయ్యలేవు. బీచిలో అలల మధ్య బరువైన సీసం కట్టి విసిరేవాళ్ళకి ఆల్వీ అంటే ఆస్తి. 2017లో ఆ కుటుంబం ఫ్యాక్టరీ మూసేస్తున్నట్టు ప్రకటించినప్పుడు ఇక్కడి పాతకాపులు చాలామంది బాధపడ్డారు.

అసలు మలుపు 1905. ఇంగ్లండులో బ్రాడ్‌ఫోర్డ్ అంటే ఉన్ని మిల్లుల ఊరు. ఆల్ఫ్రెడ్ ఇల్లింగ్‌వర్త్ ఆ వ్యాపారంలోనివాడే. మిల్లులో కండె కదలకుండా నిలబడి ఉంటుంది, నూలు దాని కొసనుంచి సునాయాసంగా ఊడి వస్తుంది. ఇది అక్కడ పనిచేసే ప్రతి మనిషీ రోజూ చూసే దృశ్యం. ఇల్లింగ్‌వర్త్ ఆ కండెని తెచ్చి చేపల కర్రకి బిగించాడు. మాలక్ ఉండని విసిరేటప్పుడు మాత్రమే పక్కకి తిప్పాడు. ఇల్లింగ్‌వర్త్ దాన్ని శాశ్వతంగా అలాగే ఉంచేశాడు. వెనక్కి చుట్టేటప్పుడు కూడా కండె తిరగదు, ఒక చెయ్యిలాంటిది దాని చుట్టూ తిరిగి దారం చుడుతుంది. ఆ ఏడాదే పేటెంటు తీసుకున్నాడు. ఇవాళ ఏ షాపుకెళ్ళినా కనపడే స్పిన్నింగ్ రీలు ఇదే.

లాభం ఏంటి? ఎర ఏ బరువైన ఉండనీ తిప్పక్కర్లేదు. దారాన్ని లాక్కుపోతే చాలు. కాబట్టి అయిదారు గ్రాముల ఎరని కూడా దూరం విసరొచ్చు.

అయితే ఆ పాత రీళ్ళకి తగిన దారం లేదు. పట్టు, నార దారాలు నీళ్ళు పీల్చుకుని బరువెక్కేవి. 1930లలో అమెరికాలో డ్యూపాంట్ కంపెనీలో వాలెస్ కరోథర్స్ బృందం నైలాన్ చేసింది, 1938లో లోకానికి ప్రకటించింది. యుద్ధం అయ్యాక సన్నని ఒంటిపోగు నైలాన్ దారం వచ్చి చేరాకే స్పిన్నింగ్ రీలు ఇంటింటికీ చేరింది. హార్డ్‌వేర్ ముందొచ్చి, దానికి తగ్గ నెట్‌వర్కు కోసం నలభై ఏళ్ళు ఎదురుచూసినట్టు!

స్నైడర్ వంశం మాత్రం ఊరుకుందా? స్వీడన్‌లోని స్వాంగ్‌స్టాలో 1921లో మొదలైన ఏబీ ఉర్‌ఫాబ్రికెన్ అనే గడియారాల ఫ్యాక్టరీ తర్వాత టాక్సీ మీటర్లు చేసింది. రెండో ప్రపంచ యుద్ధంలో మీటర్లకి గిరాకీ పడిపోతే చేతిలో ఉన్న పనివాళ్ళతో రీళ్ళు మొదలుపెట్టింది. అదే ఆబు. 1950ల మొదట్లో వాళ్ళు తెచ్చిన అంబాసడర్ రీలులో చిన్న బ్రేకు ముక్కలుంటాయి. ఉండ ఎంత జోరుగా తిరిగితే అవి అంత బయటికి తోసుకొచ్చి రాసుకుంటాయి. అంటే ప్రొడ్యూసర్‌కి రేట్ లిమిట్ పెట్టారన్నమాట.

ఇంకో ముచ్చట. అమెరికాలో టల్సాలో ఆయిలు బావుల్లో పేల్చే టైం బాంబులు చేసే జీరో అవర్ బాంబ్ కంపెనీ అని ఒకటుండేది. టెక్సస్‌నుంచి ఆర్.డి.హల్ అనే గడియారాల మెకానిక్ వాళ్ళ దగ్గరికి ఒక నమూనా పట్టుకొచ్చాడు. కిరాణా కొట్టులో పొట్లాలు కట్టేవాడు కదలని ఉండనుంచి పురికొస లాగడం చూసి తట్టిందట. 1949లో ఆ బాంబుల కంపెనీ రీళ్ళు అమ్మడం మొదలుపెట్టింది. పేరులోని మొదటి అక్షరాలు కలిపితే జెబ్కో. అన్నట్టు, ఇవాళ రీళ్ళలో పెద్ద పేరైన జపాన్ షిమానో కూడా 1921లో సైకిల్ ఫ్రీవీలుతో మొదలైందే.

గడియారాలవాడు, ఉన్నివాడు, టాక్సీ మీటరువాడు, బాంబులవాడు, సైకిలువాడు. వీళ్ళలో ఎవరిదీ చేపల సామాన్లు అమ్మే వృత్తి కాదు (మాలక్ ఒక్కడే మినహాయింపు, ఆయన ఆ వ్యాపారంలోనే ఉన్నాడు). బయటివాళ్ళు మేధావులనీ, లోపలివాళ్ళు మొద్దులనీ నేననడం లేదు. ఈ సమస్య ఇంకో వృత్తిలో అప్పటికే తీరిపోయి ఉంది. రెండు చోట్లా కాలు పెట్టినవాడికి అది కనిపించింది, అంతే. మన ఆఫీసుల్లో కూడా డొమైన్ తెలిసిన టెస్టర్ ఒక్క మాటతో తేల్చేది, మనం మూడు మీటింగులు పెట్టి తేల్చలేం.

ఇక ఎరల సంగతి. ఫిన్లాండులో లౌరి రపాలా అనే పేద జాలరి గమనించిందేమిటంటే, పెద్ద చేప వచ్చేది బాగా ఈదే చేప కోసం కాదు, దెబ్బతిని కొంచెం తూలుతూ ఈదే చేప కోసం. 1936లో బెరడు చెక్కి, చాక్లెట్ల మీద ఉండే వెండి రేకు చుట్టి, పైన కరిగించిన ఫోటో నెగటివ్‌ల పూత వేసి, అచ్చం అలా తూలే ఎర చేశాడు. 1962 ఆగస్టులో అమెరికా లైఫ్ పత్రిక దాని మీద వ్యాసం వేసింది. అది మార్లిన్ మన్రో చనిపోయాక ఆమె ముఖచిత్రంతో వచ్చిన సంచిక, జనం ఎగబడి కొన్నారు. ఆ దెబ్బతో రపాలాకి ఆర్డర్లు వరదలా వచ్చాయి. అదృష్టం సరే, కానీ నా ఉద్దేశంలో ఇంకో కారణం ఉంది. తొమ్మిది సెంటీమీటర్ల రపాలా బరువు అయిదు గ్రాములే. 1962 నాటికి దాన్ని విసరగలిగే రీలు, నైలాన్ దారం జనం చేతుల్లో ఉన్నాయి. పాతికేళ్ళ ముందు ఆ వ్యాసం వచ్చి ఉంటే కొన్నవాళ్ళలో చాలామంది నాలాగే చిక్కులు విడదీస్తూ కూర్చునేవాళ్ళు.

1949లో ఒహాయోలోని ఆక్రన్‌లో నిక్ క్రీమ్ తన వంటింట్లో మెత్తటి ప్లాస్టిక్ వానపాము పోత పోశాడు. ఇవాళ మొగల్లో ఎక్కువగా వాడే మెత్తటి ఎరలన్నీ దాని సంతానమే. సీసం తల ఉన్న గాలానికి ఈ ప్లాస్టిక్ చేపని తొడిగి, అడుగు తాకించి, చిన్నగా ఎగరేస్తూ లాగాలి.

ఇప్పుడు నా తప్పు ఎక్కడుందో చూడండి. షాపుకెళ్ళి "మంచి రీలు ఏది" అని అడిగాను. అడగాల్సింది "నేను ఎంత బరువు విసరాలి" అని. మీటరో రెండు మీటర్లో లోతుండే మొగలో, గట్టునుంచి, మూడున్నర నుంచి పది గ్రాముల తల చాలు. తేలికదానితో మొదలుపెట్టి, అడుగు తగలకపోతేనే బరువు పెంచాలి. అంత బరువుకి జవాబు ఇల్లింగ్‌వర్త్ కండె: 2500 సైజు స్పిన్నింగ్ రీలు, ఏడడుగుల సన్న కర్ర, నాలుగైదు కిలోలు ఆగే సన్నటి అల్లిక దారం, కొసకి ఒక మీటరు ఫ్లూరోకార్బన్. మడ చెట్ల వేళ్ళలోకి దూరే పండుగప్పని (ఇక్కడ బారమండి అంటారు, చేప అదే) పెద్ద ఎరతో పట్టి బయటికి ఈడ్చాలంటే స్నైడర్ వంశం. బీచిలో అరవై గ్రాముల సీసం విసరాలంటే ఆల్వీ. ఇందులో ఏదీ ఇంకోదాని కన్నా గొప్పది కాదు. ప్రశ్నలు వేరు.

ఎర ఎంచుకోవడంలో ఇంకో లెక్క కూడా ఉంది, అది నాన్న మళ్ళీ వచ్చినప్పుడు తెలిసొచ్చింది. కొత్త సెట్టు ఆయన చేతికిచ్చాను. రెండో గంటలో ఒక ఫ్లాట్‌హెడ్ పడింది. కొలిస్తే 78 సెంటీమీటర్లు. క్వీన్స్‌లాండ్ రూలు ప్రకారం ఈ రకం 40 కన్నా తక్కువున్నా, 75 దాటినా నీళ్ళలో వదిలెయ్యాలి. నాన్న మొహం చూడాలి! "ఇంత చేపని వదిలేస్తావా?"

ఆ సైజువి దాదాపు అన్నీ ఆడవే, వచ్చే ఏటి గుడ్లన్నీ వాటి పొట్టలోనే ఉంటాయని చెప్పాను. ఎర్ర గుచ్చిన గాలమైతే చేప చాలాసార్లు మింగేస్తుంది, వదిలినా బతకడం కష్టం. ఈ ప్లాస్టిక్ ఎర గాలం మాత్రం పెదవికే తగిలింది. శ్రావణంతో ఒక్క తిప్పు తిప్పితే ఊడి వచ్చింది. నాన్న కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "మా ఉప్పుటేట్లో పెద్ద పండుగప్ప పడితే ఊరంతా పంచుకునేవాళ్ళం రా. తర్వాత తర్వాత చిన్నవి కూడా పడలేదు. ఎందుకో ఎవరికీ తెలీలేదు" అన్నారు. పండుగప్ప మొదట మగదిగా పెరిగి, పెద్దయ్యాక ఆడదవుతుంది. అంటే ఊరంతా పంచుకున్నవన్నీ తల్లులే. ఆ మాట నేను ఆయనతో అనలేకపోయాను.

చేపని ఆయనే రెండు చేతుల్తో నీళ్ళలో పట్టుకున్నారు. అది తోక ఆడించి వెళ్ళిపోయింది.

మీలో ఎవరైనా ఈ సరదాలోకి దిగేటట్టయితే, షాపుకెళ్ళే ముందు వెళ్ళబోయే చోటు లోతు కనుక్కోండి, ఎర బరువు తేల్చుకోండి, గాలం ఊడదీయడం సులువో కాదో చూసుకోండి. రీలు సంగతి ఆ తర్వాత. నా పాత రీలు మాత్రం గరాజులో అలాగే ఉంది, బరువైన ఎరలు విసిరేవాళ్ళెవరైనా అడిగితే ఇచ్చేస్తాను. చిక్కు మాత్రం మీరే విడదీసుకోవాలి :)