1951 డాన్స్: ఇద్దరి కోసం అందరూ వదులుకున్న ఆట

అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో యూనివర్సిటీ ఫుట్‌బాల్ జట్టు పేరు డాన్స్. 1951 సీజన్‌లో ఈ జట్టు 9 ఆటలు ఆడి తొమ్మిదీ గెలిచింది. అయినా సీజన్ చివర జరిగే పెద్ద ఆటల్లో దేనిలోనూ ఆడలేదు. జట్టులోని ఇద్దరు నల్లజాతి ఆటగాళ్లను ఇంటి దగ్గర వదిలి రావాలన్న షరతుకు మిగతా ఆటగాళ్లు ఒప్పుకోకపోవడమే కారణం. ఆ సీజన్ తర్వాత జట్టే లేకుండా పోయింది.

అదేం ఆట?

అమెరికాలో ఫుట్‌బాల్ అంటే మనకు తెలిసిన ఫుట్‌బాల్ కాదు. కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తుతారు, విసురుతారు. ఎదుటివాళ్లు మీదపడి ఆపుతారు. ఒక్కో వైపు 11 మంది. బంతిని అవతలి గీత దాటిస్తే అది టచ్‌డౌన్. అక్కడ కాలేజీ జట్ల ఆటలకు కూడా వేల మంది వస్తారు. సీజన్‌లో బాగా ఆడిన జట్లను పిలిచి కొత్త సంవత్సరం రోజుల్లో ఆడించే ప్రత్యేక ఆటలను 'బౌల్' అంటారు. బౌల్ పిలుపు అంటే కాలేజీకి పేరే కాదు, డబ్బు కూడా.

జట్టు ఎలాంటిది?

శాన్‌ఫ్రాన్సిస్కో యూనివర్సిటీ క్రైస్తవ జెసూట్ సంఘం నడిపే చిన్న కాలేజీ. కోచ్ జో కుహారిచ్. జట్టులో నల్లజాతి వాళ్లు ఇద్దరే: ఓలీ మాట్సన్, బర్ల్ టోలర్. మిగతా వాళ్లలో జీనో మార్చెట్టి రెండో ప్రపంచ యుద్ధంలో పోరాడి వచ్చిన సైనికుడు. బాబ్ సెయింట్ క్లెయిర్ అందరికన్నా ఎత్తరి. జట్టు వార్తలు పత్రికలకు చేరవేసే పని పీట్ రోజెల్ అనే కుర్రాడిది.

ఆ ఏడాది మాట్సన్‌ను ఆపడం ఎవరి వల్లా కాలేదు. సీజన్ మొత్తం మీద 1,566 గజాలు బంతితో పరిగెత్తి దేశంలోనే మొదటి స్థానంలో నిలిచాడు. 21 టచ్‌డౌన్లు చేశాడు. న్యూయార్క్‌లో ఫోర్డమ్ జట్టుతో జరిగిన ఆటలో డాన్స్ 32-26తో గట్టెక్కింది. ఆ ఒక్క ఆటలోనే మాట్సన్ ఎదుటివాళ్లు తన్నిన బంతిని అందుకుని, మైదానం ఆ చివరి దాకా పరిగెత్తి టచ్‌డౌన్ చేయడం రెండుసార్లు జరిగింది. తర్వాత పసిఫిక్ కాలేజీని 47-14తో చిత్తు చేశారు. చివరి ఆటలో లయోలాను 20-2తో ఓడించారు.

షరతు

అప్పటికి అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో నల్లవాళ్లకు వేరే స్కూళ్లు, వేరే హోటళ్లు, బస్సులో వేరే సీట్లు. స్కూళ్లలో ఈ విభజన చెల్లదని సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది 1954లో. అంటే ఈ సీజన్ జరిగిన మూడేళ్లకు. పేరున్న బౌల్ ఆటల్లో ఎక్కువ భాగం జరిగేది ఆ దక్షిణ రాష్ట్రాల్లోనే.

డాన్స్‌కు ఫ్లోరిడా రాష్ట్రం మయామీలో జరిగే ఆరెంజ్ బౌల్‌లో ఆడే అవకాశం ఉందన్న కబురు అందింది. వెనకే షరతు కూడా వచ్చింది: మాట్సన్, టోలర్ రాకూడదు. వాళ్లిద్దరూ లేకుండా వస్తేనే చోటు.

ఈ సంగతి జట్టు ముందుకు వచ్చింది. వెళ్తే కాలేజీకి డబ్బు వస్తుంది. చాలామంది ఆటగాళ్లకు అది కాలేజీలో ఆఖరి ఏడాది కాబట్టి ఇలాంటి అవకాశం మళ్లీ రాదు. అయినా పెద్దగా చర్చ జరగలేదు. అందరిదీ ఒకటే మాట: వాళ్లిద్దరూ లేకపోతే మేమూ రాము.

డాన్స్ బలమైన జట్లతో తక్కువ ఆడింది కాబట్టే పిలవలేదన్న మాట కూడా ఉంది. కానీ డాన్స్ చేతిలో 33 పాయింట్ల తేడాతో ఓడిన పసిఫిక్ జట్టుకు ఆ ఏడాది సన్ బౌల్ పిలుపు వచ్చింది. 1952 జనవరి 1న ఆరెంజ్ బౌల్‌లో జార్జియా టెక్, బేలర్ జట్లు ఆడాయి. డాన్స్ మాత్రం ఇంట్లోనే ఉన్నారు. ఓడలేదు, డ్రా కాలేదు, పిలుపూ రాలేదు అని ఆ జట్టును ఇప్పటికీ గుర్తు చేసుకుంటారు.

మూల్యం

కాలేజీకి ఫుట్‌బాల్ ఖర్చు అప్పటికే మోయలేని భారమైంది. బౌల్ డబ్బు వచ్చి ఉంటే కొంత ఊపిరి పీల్చుకునేది. అది రాకపోవడంతో సీజన్ ముగిశాక ఫుట్‌బాల్ జట్టునే ఎత్తేశారు. తర్వాతి ఏళ్లలో చిన్న స్థాయిలో మళ్లీ మొదలుపెట్టినా ఆ పెద్ద స్థాయికి మాత్రం మళ్లీ చేరలేదు.

తర్వాత ఎవరు ఏమయ్యారు?

ఓలీ మాట్సన్ 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగులో కాంస్యం, 4×400 రిలేలో రజతం గెలిచాడు. తర్వాత వృత్తి ఫుట్‌బాల్‌లో చేరాడు. 1959లో ఒక జట్టు అతని ఒక్కడి కోసం తొమ్మిది మంది ఆటగాళ్లను ఇచ్చుకుంది. మాట్సన్, మార్చెట్టి ఇద్దరికీ ఒకే ఏడాది, 1972లో, వృత్తి ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దక్కింది. సెయింట్ క్లెయిర్‌కు 1990లో దక్కింది. వార్తలు రాసిన పీట్ రోజెల్ 1960లో వృత్తి ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌కు కమిషనర్ అయ్యి 1989 దాకా కొనసాగాడు.

బర్ల్ టోలర్ దారి వేరు. 1952లో ఒక ఆటలో మోకాలు దెబ్బతిని వృత్తి ఆటగాడయ్యే అవకాశం పోయింది. టీచర్ అయ్యాడు, తర్వాత శాన్‌ఫ్రాన్సిస్కోలో స్కూల్ ప్రిన్సిపాల్ అయ్యాడు. 1965లో ఎన్‌ఎఫ్‌ఎల్‌లో తొలి నల్లజాతి రిఫరీ బృంద సభ్యుడిగా మైదానంలోకి దిగాడు. ఒకప్పుడు నువ్వు రావద్దన్న ఆటలోనే పాతికేళ్లు న్యాయం చెప్పాడు. ఆయన పనిచేసిన స్కూల్ ప్రాంగణానికి ఇప్పుడు ఆయన పేరే ఉంది.

బౌల్ ఆటల్లో గోడలు ఒక్కరోజులో కూలలేదు. 1956 జనవరిలో బాబీ గ్రియర్ అనే నల్లజాతి ఆటగాడు షుగర్ బౌల్‌లో దిగబోతుంటే జార్జియా గవర్నర్ అడ్డుపడాలని చూశాడు. గ్రియర్ ఆడాడు.

2006లో శాన్‌ఫ్రాన్సిస్కో యూనివర్సిటీ నాటి జట్టు సభ్యులకు గౌరవ డాక్టరేట్లు ఇచ్చింది. అప్పటికి ఆ సీజన్ ముగిసి 55 ఏళ్లు. ఆ రోజు సన్మానం గెలిచిన తొమ్మిది ఆటలకన్నా, ఆడకుండా వదిలేసిన ఒక్క ఆటకే ఎక్కువ.