ఒక్క షరతు, 70 శాతం వ్యాపారం

మన ఊళ్ళల్లో నర్సింగ్ హోమ్ అంటే కాన్పులూ, చిన్నాచితకా ఆపరేషన్లూ చేసే ప్రైవేటు ఆసుపత్రి. అమెరికాలో అర్థం వేరు: మంచం దిగలేని పెద్దవాళ్ళని ఏళ్ళ తరబడి చూసుకునే చోటు. అక్కడ అలాంటివి దాదాపు 15 వేలు. వాటిలో నూటికి 70 దాకా లాభం కోసం నడిచేవే. ఆసుపత్రుల్లో మాత్రం లాభాపేక్ష లేనివే ఎక్కువ. మరి ఎందుకీ తేడా? "క్యాపిటలిస్టు దేశం కదా, అంతేలే" అంటే సరిపోదు.

ఒకప్పుడు దిక్కులేని వృద్ధులకి కౌంటీలు నడిపే పూర్‌హౌస్‌లే గతి. వాటి పేరు చెబితేనే జనం వణికేవాళ్ళు. ఆ పద్ధతి పోవాలని 1935 సోషల్ సెక్యూరిటీ చట్టంలో ఒక షరతు పెట్టారు: ప్రభుత్వ సంస్థల్లో ఉండేవాళ్ళకి వృద్ధాప్య సాయం కింద ఫెడరల్ డబ్బు రాదు. ఉద్దేశం మంచిదే. కానీ అక్కడున్నవాళ్ళల్లో చాలామంది రోగులు, సొంతంగా బతకలేరు. దాంతో సాయం డబ్బు పట్టుకుని ప్రైవేటు ఇళ్ళల్లో చేరారు. అలా మొదలైందన్నమాట ఈ వ్యాపారం! 1950లో షరతు సడలించేసరికే అది వేళ్ళూనుకుంది. 1959లో ప్రభుత్వం వాళ్ళ అప్పులకి హామీ ఇచ్చింది, 1965లో మెడికేర్, మెడికెయిడ్ వచ్చి డబ్బు వరదలా పారింది. డబ్బు ముందు, నాణ్యత గురించి గట్టి చట్టం 1987లో!

ఫలితం? 2009లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో 82 అధ్యయనాల సమీక్ష వచ్చింది. 40 అధ్యయనాల్లో చెప్పుకోదగ్గ తేడాలన్నీ లాభాపేక్ష లేనివాటి వైపే మొగ్గాయి. మూడింటిలో మాత్రం వ్యాపార సంస్థల వైపు. మిగతావి అటూఇటూ. ఇందులో పెద్ద రహస్యమేం లేదు. ఈ పనిలో పెద్ద ఖర్చు మనుషుల జీతాలే. లాభం మిగలాలంటే కోత పడేదీ ముందు అక్కడే.

అలాగని బోర్డు మారిస్తే చాలదు. మేనర్‌కేర్‌ని 2007లో కార్లైల్ కొనింది. 2011లో భవనాలు 610 కోట్ల డాలర్లకి అమ్మేసి, వాటిలోనే అద్దెకున్నారు. అద్దె భారంతో 2018లో దివాలా. తర్వాత లాభాపేక్ష లేని ప్రోమెడికా తీసుకుని, 2022లో అదీ చేతులెత్తేసింది.

హైదరాబాదులో అమ్మానాన్నల కోసం ఇలాంటి చోటు వెతికే ప్రవాసులు మనలోనే ఉన్నారు. గార్డెనూ, ఏసీ గదులూ సరే. రాత్రి రెండింటికి పిలిస్తే పలికేవాళ్ళు ఎంతమంది, భవనం ఎవరిది? ఈ రెండూ అడిగాకే చెక్కు రాయండి.