చేపపిల్లలు పుట్టిన తరగతి గది

ఎనభైల్లో ఒక వానాకాలం. భద్రాచలం అడవి అంచున ఉన్న మన బడిలో, సైన్సు సారు చేపగుడ్లున్న గాజు జాడీని తొమ్మిదో తరగతి బల్ల మీద పెట్టారు. కొండల చల్లని నీళ్లలో ట్రౌటు గుడ్డు పిల్ల కావడానికి వారాలు పడుతుంది. మన వెచ్చని నీళ్లలో రోహు గుడ్డుకు ఒక్క రోజు చాలు.

ఆ గుడ్ల వెనక పెద్ద కథే ఉంది. రోహు, బొచ్చె చేపలు చెరువు నిలవ నీళ్లలో గుడ్లు పెట్టవు, వాటికి వరద నీరు కావాలి. అందుకే పూర్వం చేపపిల్లలను నదుల్లోనే పట్టేవారు, పనికిరాని జాతులూ వాటిలో కలిసి వచ్చేవి. 1957 జూలై 10న ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి, చేపల పీయూష గ్రంథి రసాన్ని సూదితో ఎక్కించి, చెరువు చేపలతోనే గుడ్లు పెట్టించారు. ఏటా ఆ రోజునే జాతీయ మత్స్య రైతుల దినోత్సవం జరుపుతున్నారు.

ఆ రాత్రి ఎలుకల భయంతో జాడీకి మూత బిగించింది నేనే. తెల్లారేసరికి గుడ్లన్నీ తెల్లబడి చచ్చిపోయాయి. సారు తిట్టలేదు. "గుడ్డుకూ ఊపిరి కావాలిరా" అని మళ్లీ తెచ్చారు. ఈసారి మూత తీసేసి, వంతులవారీగా మెల్లగా నీళ్లు మార్చాం. మర్నాడు సూదిముక్కల్లాంటి పిల్లలు కదిలాయి.

నేటికీ ఏ నీళ్ల ట్యాంకు డ్రాయింగు మీద సంతకం పెట్టాలన్నా, గాలి గొట్టం ఉందో లేదో ముందు చూస్తాను.