ఒక తిట్టుపేరు చేసిన ప్రయాణం

ఇంగ్లీషులో 'అసాసిన్' అంటే మాటువేసి చంపేవాడు. అది ఒకప్పుడు ఒక చిన్న మతశాఖను శత్రువులు తిట్టిన తిట్టు. చివరికి అది బల్లమీద ఆడే ఒక ఆటలో వృత్తిగా కుదురుకుంది.

1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ల 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' వెలువడింది. ఒకరు కథ నడుపుతుంటే తక్కినవాళ్లు తలా ఒక పాత్ర ధరించి, ఫలితాన్ని పాచికలతో తేల్చుకునే ఆట. మొదట యోధుడు, మాంత్రికుడు, పురోహితుడు అని మూడే వృత్తులు. 1975లో 'బ్లాక్‌మూర్' అనే అనుబంధంలో అసాసిన్ చేరాడు. అప్పటికి తటస్థుడే. 1978 నియమాల్లో మాత్రం తప్పనిసరిగా దుర్మార్గుడై ఉండాలన్నారు. అతనికి పదిహేను మెట్లు. పై మెట్టు పేరు 'అసాసిన్ల తాత'. లోకానికంతా ఒక్కడే. ఆ పీఠం కావాలంటే ఉన్న తాతను చంపాలి.

ఈ తాత ఎవరో కాదు, మార్కో పోలో చెప్పిన 'కొండమీది ముసలాయనే' అని నా అభిప్రాయం. కుర్రాళ్లకు మత్తుపెట్టి, తోటలో దింపి, ఇదే స్వర్గమని నమ్మించి హత్యలకు పంపేవాడట! పోలో ఆ దారిన వెళ్లేనాటికే ఆ రాజ్యం లేదు. 1256లో మంగోలులు అలముత్ కోటను వశం చేసుకున్నారు.

జరిగింది వేరు. 1090లో ఇస్మాయిలీ షియాల నాయకుడు హసన్ సబ్బాహ్ ఇరాన్ కొండల్లోని అలముత్‌ను పట్టుకున్నాడు. చుట్టూ సెల్జూక్ సామ్రాజ్యం. ఎదురు నిలిచి పోరాడే సైన్యం లేదు. గురిపెట్టి పెద్దల్ని చంపడం వాళ్ల యుద్ధనీతి అయింది. 1092లో మంత్రి నిజామ్ ఉల్ ముల్క్ హత్యను వాళ్లకే ఆపాదిస్తారు. హత్యలు అబద్ధం కావు. కానీ వాళ్లను 'హషీషీలు' అన్నది శత్రువులు. వాళ్ల సొంత గ్రంథాల్లో ఆ మత్తు ఊసే లేదు. ఫర్హాద్ దఫ్తరీ 1994లో ఈ కట్టుకథలమీద ఒక పుస్తకమే రాశాడు.

మన కౌటిల్యుడూ ఇలాంటి పనివాళ్లను లెక్కలో వేసుకున్నాడు. తెగించి చంపేవాళ్లు తీక్ష్ణులు, విషం పెట్టేవాళ్లు రసదులు. పనికి పేరు పెట్టాడే గాని, ఒక జనం పేరును పనికి అంటగట్టలేదు.

ఆట సంగతికి వస్తే, ఇది సైతాను ఆట అని 1980లలో అమెరికాలో కొందరు తల్లిదండ్రులు, చర్చిలవాళ్లు గోలచేశారు. 1989 నాటి రెండో కూర్పులో అసాసిన్ వృత్తి కనబడదు. 2000లో తిరిగొచ్చాడు. ఈసారి చేరాలంటే కేవలం చేరడం కోసమే ఒకర్ని చంపాలని నియమం! 2014లో దొంగ వృత్తికి ఒక శాఖ అయ్యాడు. దుర్మార్గుడు కావాలన్న నిబంధన పోయింది, పేరు నిలిచింది.

మరి ఆ పేరు పడ్డవాళ్లు? వాళ్ల ఇమాము, మొదటి ఆగాఖాను, 1840లలో ఇరాన్ విడిచి బొంబాయి చేరాడు. 1866లో ఖోజాల వ్యాజ్యంలో బొంబాయి హైకోర్టు ఆయన్ను ఇస్మాయిలీల ఇమాముగా గుర్తించింది. మహారాష్ట్రలోని మన పాఠకులకు పూణేలోని ఆగాఖాన్ ప్యాలెస్ తెలిసిందే. నిర్బంధంలో ఉండగా 1944లో కస్తూరిబా కన్నుమూసింది అక్కడే. ఆ భవనాన్ని 1969లో నాలుగో ఆగాఖాను దేశానికి ఇచ్చేశారు.