గోదావరి తూర్పు డెల్టాలో పడవ యంత్రాల పరిణామం: రామచంద్రపురం ప్రాంతం - ఒక పరిశీలన

ప్రస్తావన

జలరవాణా చరిత్రను సాధారణంగా తెరచాప, ఆవిరి, డీజిల్ అనే మూడు దశలుగా చెబుతారు. కొత్తది రాగానే పాతది అంతరించినట్లు ఈ విభజన ధ్వనిస్తుంది. గోదావరి తూర్పు డెల్టాలో జరిగింది అది కాదు. ఇక్కడ ఏ చోదకశక్తి నిలవాలో నీటి లోతు, గట్ల బలం, లాకుల నిరీక్షణ నిర్ణయించాయి. రామచంద్రపురం ప్రాంతాన్ని ఆధారం చేసుకొని ఈ అంశాన్ని పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

రామచంద్రపురం గౌతమికి ఎడమవైపున ఉంది. 2022లో కోనసీమ జిల్లాలో చేరినప్పటికీ, గౌతమీ వసిష్ఠల నడుమనున్న సంప్రదాయ కోనసీమకు ఇది ఆవలి ఒడ్డు. కనుక ఈ ప్రాంతం రెండు రకాల నీటి దారులపై ఆధారపడింది. ఒకటి సరకు తరలించే కాలువ, రెండవది మనుషులను దాటించే రేవు. యంత్రం చరిత్ర ఈ రెండింటా వేర్వేరుగా నడిచింది.

కాలువలో నిలవని ఆవిరి

1847లో ఆరంభమై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట నుంచి డెల్టా కాలువల వ్యవస్థ విస్తరించింది. ఆర్థర్ కాటన్ దృష్టిలో కాలువ సేద్యానికీ రవాణాకూ ఉమ్మడి సాధనం. ప్రధాన కాలువలపై లాకులు కట్టడం అందుకే. ఏలూరు కాలువ గోదావరి, కృష్ణా డెల్టాలను కలిపింది. అక్కడి నుంచి కొమ్మమూరు, బకింగ్‌హాం కాలువల మీదుగా మద్రాసు వరకు జలమార్గం ఏర్పడింది.

ఈ మార్గంలో గాలి అనుకూలిస్తే తెరచాప ఎత్తేవారు. లేకుంటే గెడ వేసేవారు, లేదా గట్టు మీద నడుస్తూ తాడుతో పడవను లాగేవారు. ఆవిరియంత్రం తెలిసిన కాలంలోనే ఈ పద్ధతి కొనసాగడానికి కారణాలు యంత్ర స్వభావంలోనే ఉన్నాయి. బాయిలరు, నీరు, ఇంధనం కలిసి సరకు చోటును ఆక్రమిస్తాయి, పడవను లోతుగా ముంచుతాయి. లాకు దగ్గర వేచి ఉన్నంతసేపూ మంట ఆర్పడానికి వీలుండదు. వేగంగా సాగే పడవ లేపిన అలలు మట్టిగట్లను కోస్తాయి. సేద్యపు కాలువకు గట్టే ప్రాణం. పైగా వేసవిలో మరమ్మతులకు కాలువ కట్టివేస్తే, యంత్రంపై పెట్టిన సొమ్ము పని లేకుండా పడి ఉంటుంది. తాడుకు ఈ చిక్కులేవీ లేవు. అయితే ఆ చౌకదనమంతా లాగేవాడి భుజం మోసినదేనని మరువరాదు.

ఎగువ గోదావరి అనుభవం ఇదే విషయాన్ని మరోవైపు నుంచి చూపుతుంది. బేరారు పత్తిని నదిమార్గాన కాకినాడ రేవుకు చేర్చాలన్న పథకంలో దుమ్ముగూడెం వద్ద ఆనకట్ట, లాకు నిర్మాణాలు జరిగాయి. రాతి అడ్డంకులు, ఏడాదిలో కొద్ది నెలలే చాలినంత నీరు, పెరిగిన వ్యయం కారణంగా 1871లో ఆ పథకాన్ని విరమించారు. నది సహకరించని చోట యంత్రబలం ఒక్కటే మార్గాన్ని నిలపలేదు.

రైలు, లారీ

1890లలో తూర్పు కోస్తా రైలుమార్గం, 1900లో రాజమండ్రి వంతెన వచ్చాక దూరప్రాంత సరకు కాలువను వీడసాగింది. 1928లో కాకినాడ - కోటిపల్లి రైలుమార్గం రామచంద్రపురం మీదుగా వెళ్ళింది. రెండవ ప్రపంచయుద్ధ అవసరాలకు 1940లో ఆ పట్టాలను తొలగించారు. ఈ మార్గంలో మళ్ళీ రైలు నడవడానికి ఆరు దశాబ్దాలు పట్టింది. ఈ మధ్యకాలంలో సరకు తిరిగి కాలువకు రాలేదు. కళ్ళం నుంచి మిల్లు వరకు నేరుగా వెళ్ళగల లారీ దానిని అందుకొంది. కాలువ పడవను ఓడించింది మరో పడవ యంత్రం కాదు, రోడ్డుమీది యంత్రం.

రేవులో డీజిల్

రుడాల్ఫ్ డీజిల్ యంత్రం 1897 నాటి పరీక్షలో ఇంధనశక్తిలో సుమారు 26 శాతాన్ని పనిగా మార్చింది. నాటి చిన్న ఆవిరియంత్రాలు దీని దరిదాపులకు రాలేదు. రేవుకు ఇంతకంటే ముఖ్యమైన గుణం మరొకటి ఉంది. ఒడ్డు చేరగానే దీనిని ఆపవచ్చు, జనం ఎక్కగానే మళ్ళీ నడపవచ్చు. కోటిపల్లి - ముక్తేశ్వరం రేవులో మనుషులతోపాటు వాహనాలనూ దాటించే పంటుకు కావలసింది ఇదే. వరదనీటి ఒండ్రు యంత్రాన్ని చల్లబరిచే గొట్టాలను పూడ్చడం వంటి కొత్త చిక్కులు మాత్రం దీనితో వచ్చాయి.

సముద్రతీరాన పరిష్కారం మరో రూపం తీసుకొంది. ఓడరేవు లేని ఇసుక ఒడ్డున పడవ దిగాలంటే పంకా పైకి లేవాలి. పొడవైన ఇరుసు చివర పంకా అమర్చిన చిన్న డీజిల్ యంత్రాలు ఆంధ్రతీరపు తెప్పలకు అందుకే నప్పాయి.

పదాలు, చట్టం

భాష కూడా ఈ పొరలను దాచి ఉంచింది. పడవ, తెడ్డు, గెడ దేశ్యపదాలు. చుక్కాని అరబ్బీ నుంచి, సరంగు పారశీకం నుంచి, స్టీమరు, ఇంజను ఆంగ్లం నుంచి వచ్చాయి. డీజిల్ వచ్చినా నడిపేవాడు సరంగుగానే మిగిలాడు. చట్టం కూడా అంతే. 1917 నాటి దేశీయ నౌకల చట్టం పేరులోని ‘ఆవిరి’ 1977 సవరణతో గాని తొలగలేదు. 2021లో కొత్త చట్టం వచ్చింది.

ముగింపు

2019 సెప్టెంబరు 15న కచ్చులూరు వద్ద వరద గోదావరిలో 77 మందితో వెళుతున్న పర్యాటక పడవ మునిగింది. మృతులలో అత్యధికులు పర్యాటకులు. అక్టోబరు 22న కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం లంగర్లు, ఇనుప తాళ్ళతో దానిని ఒడ్డుకు లాగింది. యంత్రం ఉన్నంతమాత్రాన నది లొంగదు. పడవను ఎప్పుడు కదిలించకూడదో చెప్పే తీర్పు యంత్రంలో ఉండదు.

కేరళలోని వైకోం రేవులో 2017 నుంచి 75 మంది పట్టే సౌరశక్తి పడవ నడుస్తోంది. స్థిరమైన కొద్ది దూరం, ప్రతి ఒడ్డునా విరామం ఉన్న కోటిపల్లి వంటి రేవులకు ఈ మార్గం పరిశీలించదగినది. అయితే వైకోం రేవు వేంబనాడు కాయలుపై ఉంది, గౌతమి వరద నది. కాబట్టి కొత్త యంత్రాన్ని ఎంచుకొనేటప్పుడు అడగవలసిన మొదటి ప్రశ్న యంత్రం గురించి కాదు, నీటి గురించి. ఈ ప్రాంత చరిత్ర ఇచ్చే నిర్ధారణ ఇదే.