పైకి క్రోమ్, లోపల చీడ: పాత కార్ల హ్యాండిళ్ల కథ

ఎప్పుడైనా పాత కార్ల షోకి వెళ్తే, పెయింట్ సంగతి కాసేపు పక్కనపెట్టి డోర్ హ్యాండిల్‌ని దగ్గరగా చూడండి. 1920లు, 30ల నాటి కారైతే, మెరిసే క్రోమ్ కింద చిన్న చిన్న బొబ్బలు కనిపించొచ్చు. చాలామంది దాన్ని తుప్పు అనేస్తారు. కానీ తుప్పు పట్టేది ఇనుముకి. ఇలాంటి చాలా హ్యాండిళ్లలో ఇనుమే ఉండదు, ఉండేది జింక్. ఈరోజు ఆ జింక్ కథ చెప్పుకుందాం.

తొలినాళ్లలో కార్లకి ఇత్తడి వాడేవాళ్లు. ఫోర్డ్ మోడల్ టీ 1908లో వచ్చింది. 1916 మోడల్ దాకా దాని రేడియేటర్ ఇత్తడితో ధగధగలాడేది. 1927లో తయారీ ఆపేసేసరికి ఆ ఒక్క మోడలే కోటిన్నర కార్లు. ఇన్ని కార్లు చేయాలంటే ఒక్కో హ్యాండిల్‌నీ ఇత్తడితో పోసి, చెక్కి, పాలిష్ పెడుతూ కూర్చుంటే కుదురుతుందా?

అందుకే జింక్ వైపు వెళ్లారు. ఇత్తడి కరగాలంటే దాదాపు 900 డిగ్రీల వేడి కావాలి. జింక్‌కి 420 డిగ్రీలు చాలు. కరిగిన జింక్‌ని ఉక్కు అచ్చులోకి ఒత్తిడితో పంపితే క్షణాల్లో వస్తువు రెడీ. సన్నని గీతలు, అక్షరాలు కూడా అచ్చంగా దిగుతాయి. హ్యాండిళ్లు, బానెట్ మీది బొమ్మలు, కార్బ్యురేటర్లు, అన్నీ ఇలాగే వచ్చాయి.

అయితే కొన్నాళ్లకే కొన్ని భాగాలు ఉబ్బడం, పగలడం మొదలైంది. చేత్తో నలిపితే పొడి! దీన్నే జింక్ చీడ అంటారు. ఎందుకొచ్చింది? గట్టిదనం కోసం జింక్‌లో అల్యూమినియం కలిపేవాళ్లు. అందులోకి కొంచెం సీసమో, తగరమో, కాడ్మియమో చేరితే అది లోహపు రేణువుల మధ్య సందుల్లో చేరుతుంది. తేమ, వేడి తగిలితే అక్కడే తినేయడం మొదలవుతుంది. ఇటుకలు బాగానే ఉన్నా మధ్యలో సున్నం ఉబ్బితే గోడ ఏమవుతుందో, ఇదీ అంతే.

ఎంత కలిస్తే ప్రమాదం? ఇప్పటి ప్రమాణాల ప్రకారం సీసం 0.005 శాతం దాటకూడదు. అంటే 20 కిలోల్లో ఒక్క గ్రాము!

1929లో అమెరికాలో న్యూజెర్సీ జింక్ కంపెనీ 99.99 శాతం శుద్ధమైన జింక్‌తో జమాక్ అనే మిశ్రమం తెచ్చింది. జింక్, అల్యూమినియం, మెగ్నీషియం, రాగి, ఈ నాలుగింటి జర్మన్ పేర్ల మొదటి అక్షరాలే ఆ పేరు. అక్కణ్ణుంచి చీడ తగ్గింది. కానీ తర్వాత కూడా శుద్ధత పట్టించుకోని చోట ఇదే గొడవ.

మరి తప్పు జింక్‌దా? కాదండీ. సాలార్‌జంగ్ మ్యూజియంలో బిద్రీ హుక్కాలు చూశారు కదా, అవీ ఎక్కువ భాగం జింకే, కొంచెం రాగి. అల్యూమినియం కలపలేదు కాబట్టి ఈ చీడ బాధ లేదు. వందల ఏళ్లుగా నిలిచే ఉన్నాయి.

ఇక రిపేర్ సంగతి. ముందు తేల్చుకోవాల్సింది ఒకటే: పైన గుంటలా, లోపల చీడా?

వస్తువు ఆకారం బాగుండి, పైన గుంటలే ఉంటే దాన్ని బతికించొచ్చు. పాత పూత జాగ్రత్తగా తీయాలి, ఘాటైన యాసిడ్‌లో ముంచితే జింక్ కూడా పోతుంది. ఒక్కో గుంటనీ సన్నటి డ్రిల్‌తో శుభ్రం చేయాలి. తర్వాత జింక్‌ని తినని క్షారపు ద్రావణంలో పల్చటి రాగి పూత. ఆ రాగి మీద టంకంతో గుంటలు పూడ్చి, చేత్తో సాపు చేసి, మళ్లీ మందంగా రాగి, ఆపైన నికెల్, చివర్లో క్రోమ్. తొందరపడి బఫింగ్ మిషన్‌కి పెడితే అక్షరాలు, అంచులు అరిగిపోతాయి. గ్యాస్ మంటతో ఇంకా ప్రమాదం. ఇనుములా ఎర్రబడి హెచ్చరించదు, ఉన్నట్టుండి కూలబడిపోతుంది.

చీడ పట్టి ఉబ్బితే, వంకర పోతే మందు లేదు. అయినా పారేయొద్దు, అదే మీకు మిగిలిన నమూనా. పొడి కాకముందే స్కాన్ చేయించో, అచ్చు తీయించో ఇత్తడిలో కొత్తది పోయించొచ్చు. కాకపోతే కొలతలు సరిచూడాలి. పాతది ఉబ్బి ఉంటుంది, కొత్తగా పోసింది చల్లారాక కుదించుకుపోతుంది.

కాపీ పెడితే కారు అసలుది కాదంటారు కొందరు. నేనొప్పుకోను. కాపీ అని రాసిపెట్టి, పాత ముక్కని డబ్బాలో దాస్తే చరిత్రకి లోటు లేదు. చెప్పకుండా అసలుదని అమ్మితేనే మోసం.

మీ ఇంట్లో తాతగారి కారో, స్కూటరో ఉంటే ఒక పని చేయండి. క్రోమ్ షాపుకి ఇచ్చేముందు ఆ భాగానికి అయస్కాంతం పెట్టి చూడండి. అంటుకోకపోతే లోపలి వైపు, కనపడని చోట కొంచెం గీకండి. పసుపుగా ఉంటే ఇత్తడి కావొచ్చు, బూడిద తెలుపైతే జింక్ అని అనుమానించండి. పక్కన స్కేలు పెట్టి అన్ని వైపులా ఫోటోలు తీయండి. షాపాయనకి ‘ఇది జింక్ కావొచ్చన్నా, యాసిడ్‌లో ముంచకు’ అని ఒక్క మాట చెప్పండి. ఆ ఒక్క మాటతో తొంభై ఏళ్ల వస్తువు మిగలొచ్చు.

మీ దగ్గరున్న పాత హ్యాండిళ్ల ఫోటోలు కామెంట్‌లో పెట్టండి, చూద్దాం. ఉంటాను మరి, నమస్తే.