నిద్రనే మందుగా ఇచ్చిన మదనపల్లె.. మరి నర్సమ్మల నిద్ర?

ఈరోజు ఎపిసోడ్ కొంచెం పర్సనల్.

2021 మే. సెకండ్ వేవ్. నేను పుంగనూరులో ఇంటి నుంచే అమెరికా క్లయింట్‌కి నైట్ షిఫ్ట్ చేస్తున్నా. మా పిన్నమ్మ స్టాఫ్ నర్సు, కోవిడ్ వార్డులో నైట్ డ్యూటీ. పొద్దున నేను లాప్‌టాప్ మూసి మధ్యాహ్నం రెండు దాకా పడుకునేవాణ్ణి. ఆమె వచ్చి, స్నానం చేసి, మిద్దె మీద గదిలో ఒక్కతే ఉండేది. ఒకరోజు గుమ్మం బయట నుంచే అడిగినా, "పడుకున్నావా పిన్నమ్మా?" అని. "కండ్లు మూసుకుంటే మానిటర్ శబ్దమే వస్తాది రా" అనింది. ఇద్దరిదీ నైట్ షిఫ్టే. కానీ నేను నిద్రపోయినా, ఆమె పోలేదు. ఎందుకని వెతుకుతూ పోతే మన ఊరి చరిత్రే ఎదురొచ్చింది.

మదనపల్లె అంటే మనకి టాగోర్ గుర్తొస్తాడు. 1919 ఫిబ్రవరిలో ఇక్కడే జనగణమనని ఇంగ్లిష్‌లోకి మార్చాడు. కానీ అంతకు నాలుగేళ్ల ముందే, 1915లో, ఊరి పక్కన ఆరోగ్యవరం మొదలైంది. దక్షిణాది మిషన్లు కలిసి పెట్టిన టీబీ శానటోరియం. దాన్ని నడిపింది డెన్మార్క్ డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమోడ్ మోల్లర్. అప్పటికి టీబీని చంపే మందు లేదు. స్ట్రెప్టోమైసిన్ కనిపెట్టింది 1943లో. అందుకే శానటోరియం వైద్యం అంటే మంచి గాలి, మంచి తిండి, నెలల తరబడి విశ్రాంతి. అంటే పడుకోవడమే మందు! మరి రోగి పడుకుంటే, రాత్రంతా మేలుకొని చూసేదెవరు? నర్సే కదా.

అసలు నర్సులు ఎంతమంది ఉన్నారు? 1946లో భోర్ కమిటీ లెక్క చెప్పింది: దేశం మొత్తానికి సుమారు 7,000 మంది. అంటే దాదాపు 43,000 మందికి ఒక నర్సు. ఇట్లాంటి లెక్కలో సెలవెక్కడ, నిద్రెక్కడ?

ఇక్కడ ఒక ట్విస్ట్ ఉంది. 1956లో మద్రాసులో ఒక ప్రయోగం మొదలుపెట్టారు. టీబీ రోగుల్లో కొందరిని శానటోరియంలో ఉంచి, కొందరిని ఇంటి దగ్గరే ఉంచి, అందరికీ అవే మందులిచ్చారు. 1959లో రిజల్ట్ వచ్చింది. ఇంటి దగ్గరున్నోళ్లు కూడా దాదాపు అంతే బాగా కోలుకున్నారు! అంటే రోగికి అంత విశ్రాంతి అవసరమా అని సైన్స్ పరీక్ష పెట్టి మరీ చూసింది. నర్సుకి ఎంత విశ్రాంతి కావాలన్న ప్రశ్న మాత్రం చాలా ఏళ్లు వెనకబడిపోయింది.

తర్వాత తర్వాత జవాబులు వచ్చాయి. మన ఒంట్లో ఒక గడియారం ఉంది. దాని గుట్టు విప్పినందుకే 2017లో ముగ్గురికి నోబెల్ ఇచ్చారు. పగటి వెలుతురు పడితే ఆ గడియారం "లే" అంటుంది. అందుకే పగటి నిద్ర పొట్టిది, పలచనిది. 2007లో డబ్ల్యూహెచ్‌ఓ క్యాన్సర్ సంస్థ, ఈ గడియారాన్ని తలకిందులు చేసే షిఫ్టులు క్యాన్సర్‌కి బహుశా కారణం కావచ్చని చెప్పింది.

దీని మీద కోవిడ్ వచ్చి పడింది. పీపీఈ కిట్‌లో గంటలకొద్దీ చెమట, ఇంట్లోవాళ్లకి అంటిస్తానేమో అన్న భయం, కండ్ల ముందే చావులు. 2020లో వచ్చిన ఒక పరిశోధన, ఐదు అధ్యయనాలని కలిపి చూసి, ఆరోగ్య సిబ్బందిలో సుమారు 39 శాతం మందికి నిద్రలేమి ఉందని తేల్చింది. అంటే వందలో నలభై మంది దాకా!

అప్పుడు అర్థమైంది నాకు. నా షిఫ్ట్‌లో తప్పు జరిగితే ఒక బగ్ వస్తుంది, రేపు ఫిక్స్ చేస్తా. ఆమె షిఫ్ట్‌లో తప్పు జరిగితే ఒక మనిషి పోతాడు. ఆ బరువు ఇంటికి కూడా వెంట వస్తుంది.

మనం అప్పుడు పళ్లేలు మోగించినాం, చప్పట్లు కొట్టినాం. మంచిదే. కానీ వాళ్లకి కావాల్సింది శబ్దం కాదు, నిశ్శబ్దం. వార్డుకి సరిపడా సిబ్బంది, ముందే తెలిసే డ్యూటీ చార్టు, నైట్‌కీ నైట్‌కీ మధ్య కోలుకునే టైం.

కుప్పంలో అయినా, మదనపల్లెలో అయినా, మీ వీధిలో ఒక నర్సమ్మ ఉంటే, పగలు ఆ ఇంటి ముందు హారన్ కొట్టొద్దు, పాటల సౌండ్ తగ్గించండి. ఆమె పడుకుంటే, ఈ రాత్రి ఇంకెవరో బతుకుతారు.

మీ ఇంట్లో నైట్ డ్యూటీ కథ ఉంటే కామెంట్‌లో రాయండి. మళ్లీ కలుద్దాం.